పాలపిండి క్రైస్తవుడు, పాపభీతి లేని నాస్తికుడు

తెనాలికి దక్షిణముగా కాలువగట్టు వెంబడి సాగిపోవు దారిలోని ఒక పల్లెకు, కొన్నేండ్ల క్రిందట, నా చిరకాలమిత్రుని తల్లిగారి భూస్థాపనకు పోయితిని. ఆమెకు ఇద్దరు కుమారులు. పెద్దాయన ఊరి గుడిలో సంఘపెద్ద. ఆదివారమునాడు వేకువనే పోయి గంట కొట్టి, చాపలు పరచి, కానుకలసంచి త్రిప్పుట మొదలు వచ్చినవారిని గుమ్మము దాక సాగనంపుట వరకు సమస్తమును తానే చూచుకొనువాడు. చిన్నవాడు, అనగా నా మిత్రుడు, ఉన్నతపాఠశాలలో సైన్సు బోధించి విశ్రాంతి తీసికొనినవాడు, పాతికేండ్లుగా దేవుని నమ్మనివాడు, ఆ సంగతి ఎవరివద్దను దాచనివాడు. తల్లి మంచమున పడిన ఆరు నెలలును ఆమె ప్రక్కను కూర్చుండి బైబిలు చదివి వినిపించినది ఈ నమ్మని కొడుకే. పెద్దాయనకు చూపు మందగించి అక్షరములు ఆనకపోవుటచేత ఆ పని తమ్మునికి వచ్చినదని పందిటిలో ఆడవారు చెప్పుకొనుచుండగా వింటిని.

పెట్టె ఇంకను వాకిటనే ఉన్నది. పాటలైన పిమ్మట వాక్యము చెప్పుటకు లేచిన పాస్టరుగారు మృతురాలి భక్తిని, ఓర్పును, చేతిమంచితనమును నిండు మనస్సుతో కొనియాడి, ఇంతలో ఏమి తోచినదో, దేవుడు లేడనుకొనువానిని బుద్ధిహీనుడని చెప్పిన కీర్తనను తలచుకొని, "చదువెక్కువైనవాళ్ళు కొందరు దేవుడు లేడంటారమ్మా. దేవుడుంటే తాగడానికీ తిరగడానికీ అడ్డం కదా, అందుకని లేడంటారు" అని ఒక మాట విసరెను. జనులందరి కన్నులును ఒక్క క్షణము నా మిత్రునివైపు తిరిగి, మరుక్షణమున నేలకు వాలినవి. అప్పుడే పందిరిరాట ప్రక్కన నిలిచియున్న అతని నాస్తికమిత్రులలో ఒకడు, హేతువాదసభలలో చక్కగా మాటలాడువాడే, ప్రక్కవానితో, "పాలపిండి డబ్బాకి మారిన సంసారాలు, ఇంతకంటే ఏం మాట్లాడతారులే" అనెను. మెల్లగానే అంటిననుకొనినాడు గాని ఆ మాట పెట్టెకు తలవైపున నిలిచియున్న పెద్దాయనకు వినబడెను.

సమాధులదొడ్డినుండి తిరిగివచ్చిన రాత్రి అన్నదమ్ములతోపాటు నేనును అరుగుమీద కూర్చుంటిని. పాస్టరుగారి మాటకు తమ్ముడు నొచ్చుకొని ఉండుననియు, పాలపిండి మాటకు అన్న నొచ్చుకొని ఉండుననియు నేను ఊహించితిని. జరిగినది అది కాదు. "ఆ పాలపిండి మాట మా తాతను అన్నట్టే కదయ్యా. ఆయన మారిన రోజుల్లో పాలపిండి ఎక్కడిది? గుడికి పోతున్నాడని కామందు పాలేరుతనం మాన్పించాడు" అని నాస్తికుడైన తమ్ముడు కుమిలిపోయెను. సంఘపెద్దయైన అన్నయో, "మా తమ్ముడు చుక్క ముట్టడని అయ్యగారికి తెలియదా? తెలిసే అన్నాడా?" అని ఆ ఒక్క ప్రశ్ననే పలుమారు అడిగెను. తన పక్షమువారు ఎదుటివారిపై విసరిన రాయి తన ఇంటివానికే తగులుటచే ఇద్దరికిని నిద్ర పట్టలేదు.

ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చాలకాలము ఆలోచించితిని. దేవుడున్నాడా లేడా యను వాదము వేరు. అది వేలయేండ్లుగా సాగుచున్నది, సాగవలసినదే. ఉన్నాడనువాడు లేడనువానితో తీవ్రముగా విభేదించుటలో అగౌరవ మేమియు లేదు. క్రీస్తు పునరుత్థానము జరుగలేదని వాదించుట క్రైస్తవుని అవమానించుట కాదు. నీ ఆత్మ నశించునని భయపడుట నాస్తికుని అవమానించుట కాదు. కాని పై రెండు మాటలలో వాదమే లేదు. ఎదుటివాడు ఏ కారణముచేత అచటికి చేరెనో వాని నోట వినకముందే, వానికొక నీచమైన ఉద్దేశమును మనము కల్పించి అంటగట్టుట మాత్రమే ఉన్నది. ఒకడు పాలపిండికై నమ్మినాడట, మరియొకడు పాపమునకై నమ్మడట. ఈ మాట లనినవారికి ఎదుటివాని బుద్ధితో పని లేదు, మనస్సాక్షితో అంతకంటెను పని లేదు.

మొదట పాలపిండి మాటనే తీసికొందము, ఏలయనగా తెలుగునేలపై దానికొక చరిత్ర కలదు.

1876లో మొదలైన మహాకరవు మద్రాసు రాజధానిని ఎండగట్టినప్పుడు ఒంగోలులో అమెరికను బాప్తిస్టు మిషనుకు పెద్దగా నుండిన జాన్ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ళ భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలాది జనులకు అచట కూలి కల్పించెను. ఆ కాలువగట్టుమీద పనిచేసినవారిలో మాదిగపల్లెలనుండి వచ్చినవారు అసంఖ్యాకులు. వారిలో అనేకులు బాప్తిస్మ మిమ్మని అడిగిరి. వేడియన్నము చూపి మతము మార్చునను అపవాదునకు ఇంతకంటె అనువైన తరుణము మరియొకటి ఉండదు. కాని క్లౌ చేసినది విచారింపుడు. కరవు పని జరుగుచున్నంత కాలమును, అనగా ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మ మిచ్చుటయే మానివేసెను. పని ముగిసి, కూలి ఆగి, ఇక తన చేతినుండి ఒక్క పైసయు రాదని అందరికిని తెలిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది నీళ్ళలోనికి దిగిరి. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటినది.

ఇంకొక విషయము. ఈ ఉద్యమమునకు మూలపురుషుడు దొర కాడు. తాళ్ళకొండపాడు వాస్తవ్యుడైన యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులజుడు, అంతకు పూర్వమే యోగమార్గమున గురువుల నాశ్రయించి సాధనచేసినవాడు, తన జిజ్ఞాసతో తానే క్రీస్తును వెదకికొని పోయి 1866 నాటికే తన వారి నడుమ ఆ మాటను చాటుచుండెను. ఆత్మను గూర్చి అన్ని సంవత్సరములు తపించిన మనుష్యుని పేరు చెప్పక, ఆ దారిని నడచిన వేలమందిని ఒక్క డబ్బాలో పోసి మూత పెట్టుట ఎంత అన్యాయము! అట్లు నడచినవారికి లభించినది ఏమి? చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, ఆదివారము పనిచేయరాదు, విగ్రహములను మ్రొక్కరాదు అను మూడు నియమములను వారు పట్టుకొనిరి. ఊరి జాతరలో డప్పు కొట్టబోమనిరి, ఆదివారము పొలమునకు రాబోమనిరి. కరణము మునసబులు కోపించిరి. పనులు పోయినవి, బావులు మూతపడినవి, దెబ్బలు పడినవి. నా మిత్రుని తాతగారి పాలేరుతనము పోయిన కథ ఆ పెద్దకథలో ఒక చిన్న తునుక.

మరి పాలపిండి ఎక్కడినుండి వచ్చినది? అది ఇరువదవ శతాబ్ది మధ్యభాగపు మాట. అమెరికానుండి మిగులుధాన్యమును, పాలపిండిని ఓడలకెత్తి పంపిన రోజులవి. మిషను ఆసుపత్రులలో, పాఠశాలలలో అది పంచబడినది నిజమే, దానిని చూపి పిలిచిన ప్రచారకులు అసలు లేకపోలేదు. కాని అదే దేశమునుండి కేర్ సంస్థ ద్వారా వచ్చిన గోధుమనూక ఉప్మాను సర్కారు బడులలో అన్ని కులముల పిల్లలును ఆకులు పరచుకొని తినిరి. ఆ ఉప్మా తిన్న కమ్మవారి పిల్లవానిని గాని బ్రాహ్మణుల పిల్లవానిని గాని ఉప్మా పేరుపెట్టి వెక్కిరించినవారు నాకు కనబడలేదు. తిండిని చూపి వెక్కిరించుట తిన్నవానినిబట్టియే జరుగుచున్నది. ఇందులో హేతువాదము కంటె కులగర్వపు వాసనయే హెచ్చుగా నున్నదని నేను నిశ్చయముగా చెప్పగలను, నాస్తికులైన మిత్రులు ఈ మాటకు నన్ను క్షమింతురు గాక.

చట్టము వంకనుండి చూచినను లాభపు లెక్క సరిపోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులములవారికిచ్చిన హక్కులను ముఖ్యముగా హిందువులకే పరిమితము చేసినది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అవి విస్తరించినవి గాని క్రైస్తవులకు నేటికిని లేవు. మన రాష్ట్రములలో అట్లు మారినవారిని బీ.సీ.లలో 'సి' వర్గముగా చేర్చి ఒక్క శాతము మాత్రము కేటాయించినారు. కావున రికార్డులో ఒక మతమును, గుండెలో ఒక మతమును ఉంచుకొని బ్రదుకు కుటుంబములు కోస్తాలో లెక్కకు మిక్కిలిగా నున్నవి. వారిని కపటులని నవ్వువారు, ఆ కపటమును వారి నెత్తిన రుద్దిన నిబంధనను గూర్చి నోరెత్తకుండుట ఏమి న్యాయము?

ఇక రెండవ మాట, నాస్తికునికి నీతి లేదనునది. దీనికి ప్రత్యుత్తరము గ్రంథములలో వెదుకనక్కరలేదు, బెజవాడ పటమటలోని నాస్తికకేంద్రమునకు పోయిన చాలును.

గోపరాజు రామచంద్రరావుగారిని గోరా యనిన గాని మనవారు గుర్తింపరు. 1902లో గంజాం ప్రాంతపు ఛత్రపురమున శ్రోత్రియకుటుంబమున పుట్టి, వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొంది, 1925లో మదురైలోని అమెరికను కళాశాలలో అధ్యాపకుడుగా చేరిరి. అది క్రైస్తవ మిషనువారి కళాశాల. క్రైస్తవము స్వీకరించినచో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు పైచదువులకై పంపెదమని తమకు ఆశ చూపగా తాము వలదంటిమని ఆయన తమ జ్ఞాపకములలో చెప్పుకొనిరి. ఈ కథను నాస్తికులు మిషనరీల పన్నాగమునకు నిదర్శనముగా చెప్పుదురు. నాకది మరియొక విధముగా కనబడును. నమ్మకము లేనిదే నమ్మితినని చెప్పుటకు ఒప్పుకొనని ఆ యువకుని, నిజమైన క్రైస్తవుడు ఎవడైనను తన వానిగా గుర్తింపవలదా? కూలి ఆగువరకు బాప్తిస్మము నాపిన క్లౌ దొరయు, చదువునకై బాప్తిస్మము వలదన్న గోరాగారును ఒకే విషయమున ఎంత పట్టుదల చూపిరో గమనింపుడు.

దేవుని కాదనుట సుఖమునకై యనువారు గోరాగారి తదుపరి జీవితమును చదువవలెను. 1933లో కాకినాడ కళాశాలలోని ఉద్యోగము నాస్తికభావములవలన పోయినది. మచిలీపట్టణపు హిందూ కళాశాలలో కొన్నేండ్లు పనిచేయగా అచటను అదియే జరిగినది. నెలజీతమును విడిచి, భార్య సరస్వతిగారితోను పిల్లలతోను 1940లో కృష్ణాజిల్లా ముదునూరుకు పోయి గుడిసెలో కాపురముండి, పేదలకు చదువు చెప్పుచు, అంటరానితనమును తమ యింటి పంక్తిలోనే చెరిపివేయుచు నాస్తికకేంద్రమును స్థాపించిరి. అది 1947లో పటమటకు మారినది. పెద్దకుమార్తె మనోరమను దళిత యువకుడైన అర్జునరావునకు ఇచ్చుటకు సంకల్పించి గాంధీజీతో చెప్పగా, ఆ పెళ్ళి తన ఆశ్రమముననే చేయింతుననియు, మంత్రములో దేవుడను మాటకు మారు సత్యమను మాట నుంచెదననియు ఆ మహాత్ముడు అంగీకరించెను. తన ఆస్తికత ఒప్పనియు గోరాగారి నాస్తికత తప్పనియు తాను నిశ్చయించి చెప్పజాలనని కూడ ఆయన పలికినట్లు గోరాగారు వ్రాసిన సంభాషణల పుస్తకమున ఉన్నది. పెండ్లి నాటికి గాంధీజీ లేరు. అయినను 1948 మార్చిలో సేవాగ్రామముననే అది జరిగినది. ఈ బ్రదుకులో విచ్చలవిడితనమును వెదకి పట్టుకొనగలవారు ఎవరైనను కలరా?

అయినను ఈ అపనమ్మకము మన పల్లెలకు మాత్రమే పరిమితమైనది కాదు. 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో పదుమూడు దేశములకు చెందిన మూడువేల మందికి పైగా మనుష్యులకు, వారిలో భారతీయులును ఉండిరి, ఒక క్రూరుని కథ చెప్పిరి: చిన్ననాట జంతువులను హింసించినవాడు, పెద్దవాడై ఉపాధ్యాయుడైనవాడు, గూడులేని ఐదుగురిని చంపినవాడు. వాడు ఉత్త ఉపాధ్యాయుడై ఉండునా, లేక ఉపాధ్యాయుడును నాస్తికుడునై ఉండునా యని కొందరిని, ఉపాధ్యాయుడును భక్తుడునై ఉండునా యని మరికొందరిని అడిగిరి. తర్కము తెలిసినవానికి రెండు గుణములు కలిసియుండుట ఒక్క గుణము కంటె అరుదని తెలియును. అయినను ఆ తప్పుదారి త్రొక్కి నాస్తికుడై ఉండుననినవారు, భక్తుడై ఉండుననినవారికి దాదాపు రెట్టింపైరి. దుఃఖకరమైన సంగతి యేమనగా, తాము స్వయముగా నాస్తికులైనవారు సైతము అటులే తలచిరి. మనలను గూర్చి లోకము చెప్పు చెడ్డమాటను మనమే నమ్మునంతగా అది మనలో ఇంకిపోవును. క్రైస్తవుల విషయమునను ఇట్టిదే జరిగినది: క్రైస్తవులకు శాస్త్రబుద్ధి తక్కువయను అపవాదును గుర్తుచేసి పరీక్ష పెట్టినప్పుడు, ఆ ప్రశ్నలనే మామూలుగా బాగుగా చేయగలవారు వెనుకబడుట 2015 నాటి అమెరికను పరిశోధనలో తేలినది. వాక్యము చెప్పిన పాస్టరుగారును, రాట ప్రక్కన నిలిచిన వక్తయు తాము ఒక్క మాట అంటిమనియే అనుకొనిరి. ఆ మాట విన్న బాలుడు ఒకడు రేపు సైన్సు పరీక్షలో కలము ఆపును, వేరొకడు తాను మంచివాడను కానేమో యని తన్ను తానే శంకించుకొనును.

ఈ నాస్తికుడను బిరుదము ఎవరెవరి మెడలో ఎప్పుడెప్పుడు పడినదో చూచినచో ఆశ్చర్యము కలుగును. రెండవ శతాబ్ది మధ్యమున, నేడు టర్కీలో ఇజ్మీరని పిలువబడు స్ముర్న పట్టణమున, వృద్ధుడైన పొలికార్పు అను బిషప్పును క్రీడారంగమునకు ఈడ్చితెచ్చిరి. రోమను దేవతలకు మ్రొక్కని క్రైస్తవులను ఆనాటి జనులు నాస్తికులని పిలిచెడివారు. నాస్తికుల నాశమును కోరుచు ఒక్క మాట పలికినచో విడిచిపుచ్చెదనని అధికారి చెప్పెను. ఆ ముదుసలి మెట్లమీద కేకలిడుచున్న గుంపువైపు చేయి చాచి, నిట్టూర్చి, ఆ మాటను వారికే అన్వయించి పలికెను. పిమ్మట ఆయనను దహించిరి. మన స్మృతికారులు వేదనిందకుని నాస్తికుడనిరి. ఆ నిర్వచనము చొప్పున గుంటూరులోని ప్రతి క్రైస్తవుడును నాస్తికుడే. పాణిని వ్యాఖ్యాతలు పరలోకము లేదనువాడు నాస్తికుడనిరి. ఆ లెక్కకు అదే క్రైస్తవుడు పరమాస్తికుడు. ఒకనాడు తన తాతను కాల్చిన మాటనే ఎత్తి క్రైస్తవుడు నేడు పొరుగువానిపై విసరుట ఎంత విచారింపదగినది!

విసరినవారికి అధికారమును తోడైనప్పుడు ఆ మాట గోడలు కట్టును. ఇంగ్లండులో 1880లో నార్తాంప్టను ప్రజలు ఎన్నుకొనిన చార్లెస్ బ్రాడ్లా, నాస్తికుడగుటచేత దేవుని పేర ప్రమాణము చేయుటకు మారు ధ్రువీకరింతునని కోరగా పార్లమెంటు ఒప్పుకొనలేదు. పోనీ ప్రమాణమే చేసెదననగా, నాస్తికుని ప్రమాణమునకు విలువ ఏమని దానికిని ఒప్పుకొనలేదు. ఒక రాత్రి గడియారపు గోపురములో బంధించిరి. ప్రజలు మరల మరల ఎన్నుకొనిరి, సభ మరల మరల త్రోసినది. 1886లో గాని ఆయనకు కూర్చుండు చోటు దొరకలేదు. ఆయన పూనికతోనే 1888లో ప్రమాణముల చట్టము వచ్చినది. ఈ కథలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము వేరొకటి కలదు. బ్రాడ్లా బంధింపబడిన వేళ స్టూవర్ట్ హెడ్లమ్ అను ఆంగ్లికను మతాచార్యుడు, క్రీస్తు పేరనే ఆయనకు శుభము కోరుచు తంతి పంపెను. నేడు మన శాసనసభ్యులు దైవసాక్షిగా అనియైనను, ఆత్మసాక్షిగా అనియైనను ప్రమాణము చేయుచున్నప్పుడు, ఆ రెండు దారులు తెరచుటకై ఒక నాస్తికుడు ఎన్ని దినములు గుమ్మమున నిలువబడెనో మనకు స్ఫురింపదు.

మరల మన దేశమునకే వచ్చెదను, చెప్పవలసిన ముఖ్యకథ ఇక్కడనే ఉన్నది.

గుఱ్ఱం జాషువా మహాకవి 1895లో వినుకొండలో క్రైస్తవకుటుంబమున జన్మించెను. తండ్రి గొల్లవాడు, తల్లి మాదిగ. అంటరానివాడని సవర్ణులు ఆయనను పంక్తినుండి లేపిరి. క్రైస్తవుడై ఉండి పురాణగాథలు వ్రాయుచున్నాడని స్వమతస్థులలో కొందరు నిందించిరి. రెండు వైపులవారికిని ఆయన ఏమి వ్రాసినాడో చూచుటకు తీరిక లేదు. ఎవడు వ్రాసినాడో అదియే చాలెను. ఆ కలమే 1941లో కాశీవిశ్వనాథునికి గబ్బిలముతో మొర పంపినది, ఆ కలమే క్రీస్తు చరిత్రను వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. ఇట్టి కవి కుమార్తెయైన హేమలతగారు గోరాగారి కుమారుడగు లవణముగారిని వివాహమాడిరి. ఉప్పుసత్యాగ్రహపు సంవత్సరమున పుట్టినందున ఆయనకా పేరు. క్రైస్తవుల ఇంట పుట్టిన ఆడబడుచు నాస్తికుల ఇంట మెట్టినది. తండ్రిని గూర్చి ఆమె ప్రేమతో ఒక పుస్తకమే వ్రాసినది. పుట్టింటివారిని తూలనాడినగాని మెట్టినింట గౌరవము దక్కదను నియమము ఆ ఇంట లేదు.

ఆమె పనిచేసిన చోటు స్టూవర్టుపురము. బాపట్లకు సమీపమున ఉన్న ఈ ఊరి కథలో రెండు పక్షములును కలిసియున్నవి. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసి, కొన్ని తెగలలో పుట్టినవారందరును పుట్టుకతోనే దొంగలని శాసించినది. తల్లి గర్భములోని శిశువునకు సైతము దొంగతనపు ఉద్దేశము నంటగట్టిన ఆ చట్టము కంటె ఘోరమైన ముద్ర ఏది? తరువాత అట్టి చట్టము క్రిందనే 1913 ప్రాంతమున ఎరుకలవారిని ఒక్కచోట చేర్చి కాపాడు భారమును ప్రభుత్వము సాల్వేషన్ ఆర్మీయను క్రైస్తవసంస్థకు అప్పగించెను. మద్రాసు కార్యనిర్వాహకసభలోని స్టూవర్టు దొర పేర ఊరు వెలసినది. ఆ సంస్థవారు బడి పెట్టిరి, పని చూపిరి. హాజరుపట్టీ పిలిచిరి, అనుమతిచీటీ లేనిదే పొలిమేర దాటనీయని ఏర్పాటులో తామును భాగమైరి. మేలు మేలే, కట్టడి కట్టడియే. నాస్తికులు ఆ కట్టడిని విమర్శించినచో క్రైస్తవులు నొచ్చుకొనవలసిన పని లేదు, అది నిజము గనుక. మేలును మరుగుపరచినచో మాత్రము నొచ్చుకొనవలెను. 1952లో చట్టము రద్దైనది గాని దొంగయను పేరు పోలేదు. డెబ్బదులలో హేమలతగారును లవణముగారును ఆ ఊరికి పోయి, కారాగారములలోని మగవారిని, ఇండ్లలోని ఆడవారిని కలిసి, నేరము విడిచి బ్రదుకగోరువారికి ప్రభుత్వముతో మాటలాడి భూమిని, పనిని ఇప్పించుటకు ఏండ్ల తరబడి శ్రమించిరి. తరువాత నిజామాబాదు ప్రాంతమున జోగినులుగా విడువబడిన ఆడపిల్లల కొరకును ఆమె పాటుపడినది. పరలోకమున బహుమానము కలదని నమ్మి ఆ ఊరికి వచ్చినవారును, పరలోకమే లేదని నమ్మి ఆ ఊరికి వచ్చినవారును అదే ఇసుకనేలపై అవే గుమ్మములను తట్టిరి.

నా పల్లె మిత్రుని సంగతి చెప్పి ముగించెదను. భూస్థాపనమైన వారమునకు పెద్దాయన తన చేతికఱ్ఱ పట్టుకొని పాస్టరుగారి ఇంటికి పోయి, "మా తమ్ముడు చుక్క ముట్టడండి" అని ఆ ఒక్క మాట చెప్పి తిరిగివచ్చెనట. పాస్టరుగారు అప్పుడేమియు బదులు పలుకలేదట. మరునాటి సాయంకాలము తామే వచ్చి అరుగుమీద కూర్చుండిరట. పాలపిండి మాట అనిన వక్తతో మాటలాడితివాయని నేను నా మిత్రుని అడుగగా, "ఇంకా లేదు, నాకు కోపం తగ్గలేదు" అనెను. పాస్టరుగారు వచ్చినప్పుడు ఏమి మాటలాడితిరని అడిగితిని. దేవుని మాట ఎత్తలేదట. టీ త్రాగి, కొంతసేపు కాలువవైపు చూచి, "అమ్మగారికి మీరే చదివి వినిపించారట కదా, ఏ భాగం చదవమనేవారండీ?" అని అడిగిరట.

"రూతు. రోజూ రూతే. నాలుగు అధ్యాయాలేగా, అయిపోతే మళ్ళీ మొదటినుంచి చదవమనేది" అని నా మిత్రుడు చెప్పెనట.